హిల్డెగార్డ్ ఉన్న చోట్లు, కొలోన్ ఎముకల గది: మా మూడు రోజులు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో చెల్లి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, దర్శనాలు రాసి పాటలు కట్టిన జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ (1098–1179) ఉన్న చోట్లు చూడాలని ఎప్పట్నుంచో ఉంది కదా అని మూడు రోజులు అటు పెట్టుకున్నా.

మొదట రూడెస్‌హైమ్. రైలు దిగి ద్రాక్షతోటల్లోంచి పైకి నడిస్తే ఐబింగెన్ మఠం, ఎక్కడం ఆయాసమే, పెద్దవాళ్ళుంటే టాక్సీ మాట్లాడుకోండి. అయితే ఈ బిల్డింగ్ 1900 తర్వాతది, ఆవిడ పెట్టిన మఠం కింద ఊళ్ళో ఉండేది, ఆవిడ అస్థికలు ఇప్పటికీ ఆ కింది చర్చిలోనే ఉన్నాయి, చాలామంది పైది చూసేసి వెళ్ళిపోతున్నారు. సాయంత్రం సిస్టర్స్ పాడే ప్రార్థనకి తప్పకుండా కూర్చోండి.

రూమ్ రైన్ నది అవతల బింగెన్‌లో తీసుకున్నాం, రాత్రంతా గూడ్సు రైళ్ళే, కన్ను మూతపడలేదు. పట్టాల వైపు కాని రూమ్ ముందే అడగండి.

రెండో రోజు డిసిబోడెన్‌బర్గ్, పాడుబడ్డ పాత మఠం. స్టేషన్ నుంచి నడకే, నీళ్ళు తీసుకెళ్ళండి. కొండ మీద చెట్లు, కూలిన గోడలు, అంతే, కానీ నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 1112లో పద్నాలుగేళ్ళ హిల్డెగార్డ్, తనకి గురువైన సన్యాసిని యుట్టాతో కలిసి ఇక్కడ మఠం లోపలికెళ్ళింది, 1141లో దర్శనాల్లో చూసింది రాయమని దేవుడి ఆజ్ఞ వచ్చిందంది, ఆ రాసిన పుస్తకానికి పదేళ్ళు పట్టింది. ప్రవక్త అంటే రేపటి సంగతి చెప్పేవాళ్ళు మాత్రమే కాదు ఆవిడకి, దేవుడు పలికిస్తే పలికే నోరు. నేను చదువురాని ఆడదాన్ని అని మాటిమాటికీ రాసేది అందుకే.

మూడో రోజు కొలోన్, సెయింట్ ఉర్సులా చర్చిలో బంగారు గది. గోడల మీద పైదాకా ఎముకలు, వాటితోనే లాటిన్ అక్షరాలు పేర్చారు. 1106లో కోటగోడ పెంచుతుంటే పాత రోమన్ శ్మశానం బయటపడింది, ఇవి పాత కథలో విశ్వాసం కోసం ఉర్సులా అనే కన్యతో పాటు చంపబడ్డ 11,000 మంది కన్యలవే అనుకున్నారు. మరి మగవాళ్ళ ఎముకలెందుకున్నాయి? షోనావ్ మఠంలో ఎలిజబెత్ అనే సన్యాసిని 1156–57లో తన దర్శనాల్లో జవాబు చెప్పింది, బిషప్పులు, ఒక పోపు కూడా వాళ్ళతో వచ్చారని. ఆ పోపు పోపుల లిస్టుల్లో ఎక్కడా లేడు, చరిత్రగా అది నిలబడదు. అయినా ఆవిడని కొట్టిపారేయలేకపోయా. విశ్వాసం కోసం చంపబడ్డవాళ్ళని మన తెలుగు చర్చిల్లో హతసాక్షి అంటాం కదా, గ్రీకులో కూడా ఆ మాటకి మూలం సాక్షే. సాక్షిని చంపేశారు, ఇక చెప్పేదెవరు, ఆ నోరు తానవ్వాలని ఎలిజబెత్ అనుకుందేమో అనిపించింది. హిల్డెగార్డ్ కూడా ఉర్సులా మీద పాటలు కట్టింది.

గదికి టికెట్ వేరే. మా మేనల్లుడు పుర్రెలు చూసి భయపడి బయటికెళ్ళిపోయాడు, నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డా.