బక్కచిక్కిన కుక్కకి ఏది మేలు: ఇంటి అన్నమా, ప్యాకెట్ తిండా, టానిక్కా?

మా చుక్కకి రెండేళ్లు. చిప్పిపారై అనే వేటకుక్క జాతి కలిసిన నాటు కుక్క, చిత్తూరు దగ్గర మా మేనమామ వాళ్ల మామిడితోటలో పుట్టింది. తిరుపతికి తెచ్చుకున్న రోజు నుంచి అది ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు, మిద్దె మీద ఈ గోడ నుంచి ఆ గోడకి, కాకి వాలితే ఒక పరుగు, కింద పాలవాడి బండి చప్పుడైతే ఇంకో పరుగు. సంక్రాంతికి వచ్చిన మా పిన్నమ్మ దాని పక్కటెముకలు చూసి "ఏంది పాపా, దీనికి తిండి పెట్టేది లేదా మీరు?" అనేసింది. ఆ మాట నాకు బాగా తగిలింది. పెడుతున్నాం, రోజూ రెండు పూటలా గిన్నె నిండా పెడుతున్నాం, అది మెతుకు మిగల్చకుండా తింటోంది, అయినా సన్నబడుతూనే ఉంది. బరువు మిషన్ మీద ముందు నేనొక్కదాన్నే నిలబడి, తర్వాత దాన్ని ఎత్తుకుని నిలబడి, తేడా చూస్తే 13.8 కిలోలు. దాని ఎత్తుకి 17, 18 ఉండాలని తర్వాత డాక్టర్ చెప్పారు.

ఇక్కడ ఒక విషయం. చిప్పిపారై, రాజపాళయం లాంటి వేటకుక్కల నడుము పుట్టుకతోనే సన్నం, వాటికి చివరి ఒకటి రెండు పక్కటెముకలు లీలగా కనబడితే కంగారు పడక్కర్లేదు. వాటిని లాబ్రడార్‌లా లావు చేయాలనుకోవడం తప్పు. తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. మీ పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాయండి, కుక్క పక్కటెముకలు తడిమితే అలా గరుగ్గా, ఎముక మీద తోలు ఒక్కటే ఉన్నట్టు తగిలితే అది బక్కచిక్కినట్టే. చెయ్యి చాపి వెనక వైపు తడిమితే ఎలా ఉంటుందో అలా ఉంటే సరిపోయింది. చుక్కకి పక్కటెముకలే కాదు, వెన్నుపూసలు, తుంటి ఎముకలు కూడా దూరం నుంచే లెక్కపెట్టొచ్చు అన్నట్టు ఉండేవి.

ఇక తిండి. మేం పెట్టింది అందరూ పెట్టేదే, పెరుగన్నం, సాయంత్రం ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఆదివారం చికెన్ వండితే అందులో నాలుగు తునకలు. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. 400 గ్రాముల అన్నం అంటే 520 కేలరీలు, కప్పు పెరుగు 90, గుడ్డు 75, మొత్తం 700 కూడా లేదు. 18 కిలోలు ఉండాల్సిన, ఇంత గంతులేసే కుక్కకి రోజుకి 1,100 దాకా కావాలి. అంతకంటే బాధ కలిగించింది ప్రొటీన్ లెక్క. మొత్తం కలిపి 22 గ్రాములు, కావాల్సింది 50. కడుపు నిండుతోంది కానీ కండ పట్టడానికి అందులో సరుకు లేదు. సంగటి పెట్టినా ఇంతే, రాగుల్లో బలం ఉంది నిజమే, కానీ మాంసం చేసే పని సంగటి చేయలేదు.

మరి ప్యాకెట్ తిండి మేలా అంటే, ఒక విషయంలో కచ్చితంగా మేలు. మంచి రకం గింజల తిండి (కిబుల్ అనే ఎండు ఉండలు) 100 గ్రాముల్లో 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి, కాల్షియం, భాస్వరం, జింక్ లాంటివి లెక్క ప్రకారం కలిపి ఉంటారు, ఎంత పెట్టాలో బస్తా మీదే రాసి ఉంటుంది. మనం ఊరికెళ్లినా పక్కింటివాళ్లు కొలిచి పెట్టగలరు. ఇంటి తిండిలో జనం మామూలుగా చేసే తప్పు కూడా ఇక్కడే తెలుస్తుంది, ఎముకలేని చికెన్, అన్నం మాత్రమే నెలల తరబడి పెడితే భాస్వరం ఎక్కువై కాల్షియం దాదాపు లేకుండా పోతుంది, పెరిగే వయసు కుక్కపిల్లలకైతే కాళ్లు వంకర పోయే ప్రమాదం ఉంది. కాల్షియం కోసమని ఉడికిన ఎముకలు వేయకండి. ఉడికిన ఎముక పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ప్యాకెట్‌కి ఉన్న లోటు ఏమిటంటే ఖర్చు, ఇంకా మన కుక్కల అలవాటు. చుక్కకి ఉత్త గింజలు వేస్తే నాలుగు కొరికి వెళ్లిపోయేది. పైగా తక్కువ ధర రకాల్లో మొదట రాసి ఉండేది మొక్కజొన్న, మాంసం ఎక్కడో కింద ఉంటుంది. బస్తా వెనక్కి తిప్పి ఆ వరస చదవకుండా కొనకండి.

నేను చివరికి స్థిరపడింది రెండూ కలిపిన దాని మీద, నా మాట అడిగితే మన ఇళ్లకి అదే మేలు. రోజుకి 100 గ్రాముల గింజలు, 200 గ్రాముల అన్నం, తోలు తీయని 150 గ్రాముల ఉడికిన చికెన్, రెండు గుడ్లు, కొంచెం ఉడికిన గుమ్మడికాయ, ఉప్పూ కారం ఏమీ లేకుండా. ఇది సుమారు 1,070 కేలరీలు. కాల్షియం పొడి ఎంత వేయాలో డాక్టర్‌నే అడిగి వేస్తున్నాను, అందాజుగా వేయడం లేదు. వారానికి ఒకసారి కార్జం, అదీ చిన్న ముక్క. రెండు పూటల తిండిని మూడు పూటలు చేశాను, ఒకేసారి ఎక్కువ పెడితే విరేచనాలు అవుతున్నాయి. పాత తిండి నుంచి కొత్తదానికి వారం, పది రోజుల్లో మెల్లగా మారాలి. బలానికని పాలు పోయడం కూడా మానేశాం, పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు, పెరుగు నయం.

మన ఊళ్లో ఇంకో ప్రమాదం ఉంది, ప్రేమతోనే జరిగేది. కొండకి పోయొచ్చిన ప్రతివాళ్లూ లడ్డు తెస్తారు, ప్రసాదం కదా, మూగజీవికి కూడా కొంచెం పెడదాం అనుకుంటారు. తిరుపతి లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కలకి కిడ్నీలు దెబ్బతీస్తాయి, ఏ కుక్కకి ఎంత పడితే హాని అని ముందుగా చెప్పే వీలు లేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర, చాక్లెట్ కూడా కుక్కలకి హానే. మా అమ్మకి ఇది చెప్పడానికి కష్టమైంది, విన్నాక మాత్రం లడ్డు డబ్బా ఆవిడే ఎత్తులో పెడుతోంది.

వ్యాయామం దగ్గరికొస్తే, బక్క కుక్కని తిప్పకూడదు, ఉన్న కొవ్వు కూడా కరిగిపోతుంది అని కొందరు, ఇంత హుషారుగా ఉంది కదా, స్కూటర్ పక్కన పరిగెత్తించండి అని కొందరు. రెండూ నాకు నచ్చలేదు. అసలు కదలకపోతే తిన్నది కండగా మారదు, కట్టేసిన కుక్క ఆ ఉడుకుని గుండ్రంగా తిరుగుతూ, మొరుగుతూ ఖర్చు పెట్టేస్తుంది. స్కూటర్ పరుగైతే కేలరీలు తాగేస్తుంది, తారు రోడ్డు మీద కాళ్లు కాలతాయి, మన తిరుపతి ఎండలో వడదెబ్బ తగలడానికి పది నిమిషాలు చాలు. మధ్యలో ఉన్నదే మంచిది, పొద్దున్నే 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు, తాడు వదులుగా పట్టుకుని అది వాసన చూసుకుంటూ పోతానంటే పోనివ్వడం. వాసన చూడటం కుక్కకి మెదడు పని, పరుగు కంటే త్వరగా సద్దుమణుగుతుంది. వేసవిలో చెయ్యి వెనక వైపు తారు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే బయటికి తీసుకెళ్లొద్దు. తిన్న వెంటనే కూడా వద్దు, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, గంట ఆగాలి. ఇంట్లో అయితే పాత తువ్వాలులో గింజలు చుట్టి ముడేసి ఇస్తాను, పావుగంట దానికి అదే లోకం.

కొండ పాదం దగ్గర ఉండేవాళ్లకి ఒక మాట. యూనివర్సిటీల వైపు చెట్ల నీడలో నడక బాగుంటుంది, మేమూ అటే వెళ్లేవాళ్లం. కానీ ఆ ప్రాంతంలో చిరుతలు తిరుగుతున్నాయి, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాప ప్రాణం పోయింది. చిరుతకి కుక్క ఇష్టమైన వేట. చీకట్లో అటువైపు కుక్కని పట్టుకుని పోవడం దానికీ మంచిది కాదు, మనకీ కాదు. మేం ఇప్పుడు బైరాగిపట్టెడ సందుల్లోనే, తెల్లారాకే తిప్పుతున్నాం.

ఇంత రాశాక అసలు సంగతి. ఈ తిండి, నడక మార్చకముందు నేను రెండు నెలలు టానిక్ పోశాను. దగ్గర్లో ఒకచోట చూపిస్తే కుక్కని ముట్టుకోకుండానే లివర్ టానిక్, విటమిన్ చుక్కలు రాసిచ్చారు. ఆకలి పెరిగింది, బరువు అర కిలో కూడా పెరగలేదు. ఆకలి బాగా ఉన్న కుక్కకి ఆకలి మందు దేనికి? ఆ ప్రశ్న నేను అప్పుడే అడగాల్సింది. బాగా తింటూ సన్నబడే కుక్కకి లోపల ఏదో తింటోందనో, తిన్నది ఒంటికి పట్టడం లేదనో ముందు అనుమానించాలి. నులిపురుగులు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, షుగర్, క్లోమం ఎంజైములు ఊరకపోవడం, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. జర్మన్ షెపర్డ్‌లలో ఈ చివరిది ఎక్కువ, కుప్పలుగా, లేత రంగులో, జిడ్డుగా విరేచనం అవుతుంది. ఇవి టానిక్‌తో తీరవు.

మన తిరుపతిలో ఉన్నవాళ్లకి ఒక వరం ఉంది, చాలా ఊళ్లకి లేనిది. 1955లో మొదలైన వెటర్నరీ కాలేజీ, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, దానికి ఆసుపత్రి ఉంది. వీధి క్లినిక్ మంచిదా, అదా అంటే, టీకాకి, చిన్న గాయానికి దగ్గర్లో మనకి తెలిసిన డాక్టరే నయం, పొద్దుపోయాక కూడా ఫోన్ ఎత్తుతారు. ఎందుకో తెలియకుండా బరువు తగ్గుతుంటే మాత్రం రక్తం, విరేచనం పరీక్షలు, స్కానింగ్ ఒకేచోట జరిగేది చూసుకోవాలి. అక్కడ నిలబడాల్సి వస్తుంది, విద్యార్థులు చుట్టూ చేరి ప్రశ్నలు అడుగుతారు. నాకు ఆ ప్రశ్నలే ఉపయోగపడ్డాయి. ఒక అమ్మాయి "అక్కా, పక్కన ఇల్లు ఏమైనా కడుతున్నారా, ఇసకలో ఆడుతుందా?" అని అడిగింది. ఆడుతుంది, రోజూ.

తాజా విరేచనం చిన్న డబ్బాలో తీసుకెళ్లాను, అందులో కొంకి పురుగు గుడ్లు కనబడ్డాయి. ఇవి పేగుకి కరుచుకుని రక్తం తాగుతాయి, వీటి పిల్లపురుగులు మట్టిలో, ఇసకలో ఉంటాయి, కుక్క పాదాల తోలులోంచి కూడా లోపలికి దూరతాయి. అప్పుడు దాని చిగుళ్లు ఎత్తి చూపించారు, గులాబీ రంగు లేదు, పాలిపోయి ఉన్నాయి. రక్తం తక్కువ, పిడుదు జ్వరం మాత్రం లేదు. బరువుని బట్టి నులిపురుగుల మందు, మళ్లీ మూడు వారాలకి ఇంకో డోసు, తర్వాత మళ్లీ విరేచనం పరీక్ష. నేను ఏటా ఒకసారి మాత్ర వేసి సరిపెట్టుకునేదాన్ని, పెద్ద కుక్కకైనా మూడు నెలలకోసారి అవసరమట. పిల్లలు చెప్పుల్లేకుండా ఆ ఇసకలో ఆడితే వాళ్ల తోలు కిందకీ ఈ పురుగు పాకి దురద పెడుతుందని కూడా చెప్పారు, ఆ సాయంత్రమే పక్కింటి వదినకి వెళ్లి చెప్పాను.

వరస కూడా ముఖ్యం, నేను తలకిందులుగా చేశాను కాబట్టి చెబుతున్నాను. ముందు పరీక్ష, తర్వాత తిండి, ఆ తర్వాత నడక పెంచడం. పురుగులు ఉండగా ఎంత చికెన్ పెట్టినా అందులో భాగం వాటిదే. బరువు కూడా తొందరగా పెరగాలని చూడకండి, వారానికి 150 నుంచి 250 గ్రాములు చాలు, అంటే మాకు నాలుగైదు నెలల పని.

ఇప్పుడు చుక్క 16.9 కిలోలు. వెన్నుపూసలు కనబడటం లేదు, చివరి రెండు పక్కటెముకలు కనబడుతున్నాయి, దాని జాతికి అవి అలాగే ఉండనిమ్మన్నారు డాక్టర్. ఆదివారం ఆదివారం క్యాలెండర్ మీద బరువు రాస్తున్నాను. ఇసక కుప్ప ఇంకా అక్కడే ఉంది, మేం మాత్రం దారి మార్చుకున్నాం.