సెమిలిగుడలో హెల్మెట్ కొన్న కొట్టు

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్ వెళ్ళే దారిలో సెమిలిగుడ. అక్కడ మార్కెట్ పక్కన ఒక చిన్న హెల్మెట్ కొట్టుంది. పోయిన వర్షాల్లో ఆ ఘాట్ మలుపులోనే బండి జారి మా వాడు పోయాడు. పదేళ్ళు పక్కపక్కనే బండ్లు నడిపాం. ఆరోజు వాడి తలకి హెల్మెట్ ఉంది, పట్టీ పెట్టుకోలేదు. అది ఎగిరి ఎక్కడో పడింది.

కొట్టు పెద్దాయన తెలుగాయనే. "ముందు తల కొలవనీ బాబూ" అంటూ కనుబొమల పైనుంచి టేపు చుట్టారు. 58 సెంటీమీటర్లు. హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి, వెనకనుంచి పైకి లాగి చూశారు. ఊడలేదు. ఐఎస్ఐ గుర్తు, బండి హెల్మెట్ల ప్రమాణమైన ఐఎస్ 4151 నంబరు నా చేతే చదివించారు. గట్టి దెబ్బ తగిలితే పైకి బాగున్నా మార్చేయాలట, లోపలి థర్మోకోల్ నలిగిపోతుంది. ధర 1,450, బేరం లేదు. పొద్దున్నే ఘాట్‌లో గాజుకి ఆవిరి పడుతుంది, అదొక్కటే ఇబ్బంది.

ఇంకోటి వాడి తమ్ముడికి కొన్నాను. పట్టీ నేనే పెట్టాను, టక్కుమని వినబడేదాకా.