సముద్రం నుంచి వచ్చాక రీలు ఎలా కడగాలి: బకెట్లో ముంచాలా, పైపు పెట్టాలా, తడిగుడ్డ చాలా?

వైజాగ్ తీరంలో రుషికొండ అయినా, భీమిలి అయినా, తెన్నేటి పార్కు కింద రాళ్ళయినా, గాలం వేసి ఇంటికి వచ్చాక రీలు (గాలం కర్రకి బిగించి దారం చుట్టే యంత్రం) ఎలా కడగాలి అంటే మాత్రం ఎవరి మాట వాళ్ళదే. బకెట్లో ముంచేస్తే ఉప్పంతా పోతుందని కొందరు, పైపుతో గట్టిగా కొట్టాలని కొందరు, అసలు నీళ్ళే తగలకూడదు గుడ్డతో తుడిస్తే చాలని ఇంకొందరు. నేనైతే సన్నటి ధార కింద కడగడమే మేలంటాను, కాకపోతే రాడ్డుకి, అంటే గాలం కర్రకి, మాత్రం గుడ్డే బెస్ట్. ఎందుకో చెప్తా.

ముందు బకెట్ సంగతి. రీలు లోపల గాలి ఉంటుంది కదా, ఎండలో కాలిపోయిన రీలుని తీసుకొచ్చి చల్లటి నీళ్ళలో ముంచితే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి హ్యాండిల్ పక్క సందుల్లోంచి, రోటర్ (లైనుని చుడుతూ తిరిగే భాగం) కింద నుంచి నీళ్ళని లోపలికి లాగేసుకుంటుంది. పైగా ఆ బకెట్లో ఉన్నవి మంచినీళ్ళు కూడా కావు, రీలు మీద ఉప్పు అందులో కలిసిపోయింది, అంటే పైన ఉన్న ఉప్పుని మనమే గేర్ల దాకా పంపిస్తున్నాం అన్నమాట. "నాది సీల్డ్ రీలండీ" అంటారు, అంటే నీళ్ళు చొరకుండా సీళ్ళు ఉన్నదని. నీళ్ళని ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబరు బాక్సు మీద చూడండి. పెన్ స్పిన్‌ఫిషర్ 6 కి ఉన్నది ఐపీఎక్స్5, అంటే నాజిల్ లోంచి వచ్చే ధారని తట్టుకుంటుంది అని, మునిగినా పర్లేదు అని కాదు. మునగడానికి టెస్టు చేసేది ఐపీఎక్స్7, అది 1 మీటరు లోతులో 30 నిమిషాలు. నీళ్ళలో దిగి వేసేవాళ్ళ కోసం చేసిన వాన్ స్టాల్ లాంటి పూర్తి సీల్డ్ రీళ్ళ లెక్క వేరు, మనలో చాలామంది దగ్గర ఉండేవి అవి కావు.

పైపుతో గట్టిగా కొట్టడం ఇంకా ఘోరం. బండి కడిగే ప్రెషర్ గన్ను రీలు మీద పెట్టారంటే లైన్ రోలర్ (లైను, అంటే గాలం దారం, మీదుగా జారే చిన్న చక్రం) బేరింగులో ఉన్న కాస్త నూనె కొట్టుకుపోయి దాని ప్లేసులోకి ఉప్పునీళ్ళు వెళ్ళి కూర్చుంటాయి, స్పిన్నింగ్ రీల్లో ముందు బిగుసుకుపోయేది ఎక్కువగా ఆ చిన్న బేరింగే.

గుడ్డతో ఇబ్బంది ఏంటంటే పై ఉప్పే పోతుంది. మీరు బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన లైను) వాడుతుంటే ఆ పోగుల మధ్యలో సముద్రపు నీళ్ళు ఉంటాయి, చుట్టిన ప్రతిసారీ ఇంకొన్ని నీళ్ళు లైను చుట్టుకునే స్పూలు మీదకి వస్తాయి, గుడ్డ పై చుట్ల దగ్గరే ఆగిపోతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, గోదావరి వరద కలిసే రోజుల్లో మన తీరంలో కొంచెం తగ్గుతుందేమో గానీ రీలుని తినేయడానికి అది కూడా చాలు. పైగా ఆ ఉప్పు గాల్లో తేమని లాక్కుంటూనే ఉంటుంది, వైజాగ్ గాలికి అది పూర్తిగా ఆరడం అనేదే ఉండదు, అందుకే అల్యూమినియం స్పూలు లైను కింద తెల్లగా పొక్కుతుంది.

అందుకని ఇంటికి రాగానే చేయాల్సింది ఇది. డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనుని బిగువుగా వదిలే బ్రేకు) నాబ్ గట్టిగా బిగించండి, లేదంటే నీళ్ళు దాని వాషర్ల మధ్యకి పోతాయి. రీలు చల్లబడ్డాక కుళాయి సన్నగా తిప్పి, ఆ ధార కింద స్పూలు, బెయిల్ (లైనుని పట్టి స్పూలు మీదకి చుట్టే తీగ), లైన్ రోలర్ అన్నీ తడిసేలా రీలుని ఒకటి రెండు నిమిషాలు అటూఇటూ తిప్పుతూ ఉంచండి, హ్యాండిల్ మాత్రం తిప్పొద్దు. తర్వాత నీళ్ళు విదిలించి, తుడిచి, డ్రాగ్ వదులు చేసి నీడలో గాలికి పెట్టేయండి. డ్రాగ్ బిగించే వదిలేస్తే వాషర్లు నలిగిపోయి తర్వాత పెద్ద పార చేప లాగినప్పుడు లైను కుదుపులు కుదుపులుగా వదులుతుంది.

నీళ్ళు ఏవనేది కూడా చూసుకోండి. బీచ్ దగ్గర ఇళ్ళల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడిగినట్టే కాదు. మున్సిపల్ కుళాయి నీళ్ళు నయం, వాన నీళ్ళు పట్టుకుని ఉంటే అవి ఇంకా నయం.

రాడ్డుకి రీలు విప్పేసి తడిగుడ్డతో పైనుంచి కింద దాకా తుడవండి, గైడ్ల (లైను దూరే రింగుల) కాళ్ళ దగ్గర పాత టూత్‌బ్రష్ పెట్టండి. టైటానియం ఫ్రేములైతే తుప్పు గొడవ లేదు, స్టీలువైతే గైడ్లని రాడ్డుకి కట్టే దారం చుట్టిన చోట గోధుమరంగు మరకలు ముందు కనిపిస్తాయి. రీల్ సీటు మరలు కూడా తుడవడం మర్చిపోకండి.

ఇక నూనె. డబ్ల్యూడీ-40 కొట్టేసి అయిపోయింది అనుకునేవాళ్ళు బోలెడుమంది. 1953లో శాన్ డియాగోలో దాన్ని తయారుచేసిందే తేమని తరమడానికి, పేరులోనే ఉంది, డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్. బయట మెటల్ మీద గుడ్డతో కొంచెం పూస్తే మంచిదే, బేరింగుల్లోకి కొడితే మాత్రం అక్కడున్న గ్రీజుని పల్చన చేసి తీసుకుపోతుంది. కొబ్బరినూనె అసలు వద్దు, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. కుట్టుమిషను నూనె దొరికితే రోలర్ మీద, హ్యాండిల్ నాబ్ మీద, బెయిల్ కీలు మీద ఒక్కో చుక్క చాలు, రీల్ ఆయిల్ అని అమ్మే చిన్న సీసా కొనలేకపోతే ఇదే నా చాయిస్. గేర్లకి మాత్రం నూనె కాదు, బోటు మెకానిక్కుల దగ్గర దొరికే మెరైన్ గ్రీజు, అదీ పల్చగా. కార్బన్ డ్రాగ్ వాషర్లకి డ్రాగ్ గ్రీజు తప్ప ఇంకేదీ పెట్టొద్దు.

డైవా మాగ్‌సీల్డ్ రీలు ఉన్నవాళ్ళు మాత్రం పైన చెప్పిన నూనె మాట మాగ్‌సీల్ ఉన్న చోట వర్తించదని గుర్తుపెట్టుకోండి, అక్కడ అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన నూనే సీలు, దాంట్లో మామూలు నూనె కలిస్తే ఆ సీలు పోతుంది, అలాంటివి విప్పకుండా సర్వీసు సెంటరుకే ఇవ్వాలి.