లీప్ చేయించుకున్న హాస్పిటల్ రివ్యూ: డాక్టర్‌కి 4 స్టార్లు, ఇంటికొచ్చాక పట్టించుకునే తీరుకి 1

హాస్పిటల్ పేరు పెట్టట్లేదు, హైదరాబాద్‌లో ఓ మోస్తరు పెద్ద ప్రైవేట్ గైనిక్ హాస్పిటల్ అనుకోండి చాలు. లీప్ (గర్భసంచి మూతి దగ్గర పాడైన పొరని తీసేసే చిన్న ఆపరేషన్) గురించి తెలుగులో వెతికితే ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పి ఆపేస్తున్నారు, ఇంటికొచ్చాక ఏమవుద్దో దొరకలేదు, అందుకే కొంచెం పచ్చిగానే రాస్తున్నా, ఇబ్బందిగా ఉన్నవాళ్ళు వదిలేయండి.

ముందు మంచి చెప్తా. పాప్ స్మియర్ (గర్భసంచి మూతి కణాల టెస్ట్) తేడాగా వచ్చింది, ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ పాజిటివ్, కాల్పోస్కోపీ చేసి, అంటే ఆ మూతిని పెద్దగా చూపించే లెన్స్‌తో చూసి, ముక్క తీసి పంపితే సీఐఎన్ 2, అంటే అక్కడి కణాల్లో మధ్యరకం మార్పు అని రిపోర్ట్. అంటే క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే కొంతమందిలో అటు పోవచ్చు. మా చుట్టాల్లో ఇంతకంటే చిన్న సమస్యకే "పిల్లలు పుట్టేశారు కదమ్మా, గర్భసంచి తీసేద్దాం" అనిపించుకుని తీయించుకున్నవాళ్ళు ఉన్నారు, ఈ హాస్పిటల్ డాక్టర్ ఆ మాటే ఎత్తలేదు. కరెంటుతో వేడెక్కే సన్న తీగ చుట్టుతో గర్భసంచి మూతి దగ్గర పాడైన పొర వరకే తీస్తాం, పూర్తి మత్తు అక్కర్లేదు అన్నారు, అలాగే చేశారు. లోకల్ ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడదడలాడింది, అందులో అడ్రినలిన్ ఉంటుంది, కాసేపట్లో తగ్గిపోద్ది అని ముందే చెప్పారు కాబట్టి భయం వేయలేదు. కాలిన వాసన, పొగ పీల్చే మెషిన్ గోల, పీరియడ్స్‌లో వచ్చే లాంటి నొప్పి, అంతే. పావుగంటలో అయిపోయింది. ప్యాకేజీ అని చెప్పిన డబ్బుల్లో బయాప్సీ ల్యాబ్ బిల్లు లేదని తర్వాత తెలిసింది, అది ముందే అడగండి.

ఇంటికొచ్చాక సర్వీస్ సున్నా. డిశ్చార్జ్ షీట్‌లో ఒక నొప్పి మాత్ర, రెండు వారాలకి రమ్మని ఒక లైను. ప్యాడ్ మీద నల్లగా, తడిపిన కాఫీ పొడిలాగా పడుతుంటే లోపల ఏదో కుళ్ళిందనుకుని వణికిపోయా. రక్తం ఆగడానికి అక్కడ మాన్సెల్స్ అని ఇనుము ఉన్న మందు పూస్తారంట, అదే అలా బయటికొస్తుందంట, ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. తర్వాత నీళ్ళలా డిశ్చార్జ్. అది తగ్గిందనుకునేలోపు మళ్ళీ ఎర్రగా కనిపించింది, సరిగ్గా శ్రావణ శుక్రవారం ముందు, మా అత్తయ్య "ఇది ముట్టా కాదా, నువ్వు వ్రతం చేయొచ్చా" అని అడుగుతారు, నాకేం తెలుసు. వారం నుంచి రెండు వారాల మధ్యలో పుండు మీద చెక్కు ఊడినప్పుడు అలా రావడం మామూలేనంట. వ్రతం ఆవిడే చేశారు, నేను బూరెలు తిన్నా.

ఆ తర్వాత నీచు వాసన మొదలైంది. బూడిద రంగులో పల్చగా, స్నానం చేసినా పోదు. హాస్పిటల్‌కి ఫోన్ చేసి డిశ్చార్జ్ గురించి అంటే రిసెప్షన్ అమ్మాయి "ఏ డిశ్చార్జ్ మేడమ్, సమ్మరీ కావాలా వైట్ డిశ్చార్జా" అని గట్టిగా, వెనక లాబీలో జనం మాటలు నాకు వినిపిస్తున్నాయి అంటే ఆమె మాట వాళ్ళకి వినిపించినట్టే కదా. డ్యూటీ డాక్టర్ చూడకుండానే "కామన్ అమ్మా" అని వాళ్ళ ఫార్మసీలోనే ఇంటిమేట్ వాష్ కొనుక్కోమన్నారు. ఇక్కడ ఒక స్టార్ కూడా ఎక్కువే.

మా కాలనీలో ఒక పాత క్లినిక్ ఉంది, ఫ్యాన్ తప్ప ఏసీ లేదు, ఆ పెద్ద డాక్టరమ్మకి నా తరఫున 5 స్టార్లు. స్వాబ్ తీసి లోపలి ఆమ్లత ఎంతో చెప్పే పీహెచ్ పేపర్ మీద పెట్టి చూపించారు, మామూలుగా 4.5 లోపు ఉండాలంట, నాది దాటింది, మైక్రోస్కోప్‌లో కూడా చూసి బ్యాక్టీరియల్ వెజినోసిస్, అంటే లోపల ఉండే బ్యాక్టీరియా సమతూకం చెడిపోవడం అన్నారు. కడుపు నొక్కి చూసి, జ్వరం ఉందా అని అడిగి, పైకి గర్భసంచిలోకి పాకలేదని తేల్చుకున్నాకే మందు రాశారు. మెట్రోనిడజోల్ 400, రోజుకి రెండు, 7 రోజులు. నోరంతా ఇనుము రుచి, అన్నం సహించలేదు, కానీ వాసన పోయింది. పోయిందనుకుంటే దురద, తెల్లగా ముద్దలు! యాంటీబయాటిక్‌కి మంచి బ్యాక్టీరియా కూడా పోయి ఫంగస్ పెరిగిందంట, క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్రలతో తగ్గింది. వేపాకు నీళ్ళు, డెట్టాల్ నీళ్ళు, వాష్‌లు ఏవీ లోపలికి పోనివ్వొద్దు, ఉత్త నీళ్ళు బయటి వరకే అని గట్టిగా చెప్పారు. నాలుగు వారాలు కలవడం, టాంపాన్, ఈత వద్దని కూడా ఆవిడ చెబితేనే తెలిసింది.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం 100.4 దాటినా, పొత్తికడుపు నొప్పి పెరుగుతున్నా ఫోన్లు అవీ పెట్టుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళమన్నారు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు ప్రెగ్నెన్సీ వస్తే లీప్ అయిన సంగతి డాక్టర్‌కి చెప్పాలి, నెలలు నిండకుండా కాన్పు అయ్యే రిస్క్ కాస్త పెరుగుద్దంట.

బయాప్సీలో అంచులు క్లియర్‌గా వచ్చాయి, అంటే తీసిన ముక్క అంచుల్లో పాడైన కణాలు లేవు. 6 నెలలకి హెచ్‌పీవీ టెస్ట్ ఉంది, దానికి పెద్ద హాస్పిటల్‌కే వెళ్తా, అక్కడి డాక్టర్ చెయ్యి మంచిది. మధ్యలో ఏదైనా అయితే మాత్రం కాలనీ క్లినిక్కే, సాయంత్రం ఆరు తర్వాత వెళ్తే జనం తక్కువ ఉంటారు.