ఏడాదిన్నర వాడాక చెబుతున్నా: ప్రొజెక్టర్, చార్టులు, చీపురుపుల్లలు

డి.ఎడ్ పూర్తి చేసి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరిన మా చిన్నమ్మ కూతురు మొన్న ఫోన్ చేసింది. "అక్కా, నేను కూడా నీలెక్క మినీ ప్రొజెక్టర్ కొంటున్న, ఏ కంపెనీది మంచిది?" అని అడిగింది. నా ప్రొజెక్టర్ ఇప్పుడెక్కడుందో దానికి తెలియదు. పానగల్లులో మా ఇంటి డాబా మీద ఉంది. మా తమ్ముడు రాత్రిపూట గోడ మీద క్రికెట్ వేసుకుని చూస్తాడు. ఆ మాటకొస్తే చీకట్లో బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. కంపెనీ సంగతి తర్వాత, ముందు నేను ఏమేం కొన్నానో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది అటకెక్కిందో రాసి పంపుతానని చెప్పాను. రాస్తుంటే ఇంత పొడుగైంది.

నేను 2024 డీఎస్సీలో (సర్కారు టీచర్ ఉద్యోగాల పరీక్ష) ఎంపికైన ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చినప్పుడు ఆ గుంపులో నేనూ ఉన్నాను. పోస్టింగ్ దేవరకొండ అవతల, నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్‌కి దగ్గర్లో ఒక తండా బడి. రెండు గదులు, ఒక వరండా, ఒకటి నుంచి ఐదు దాకా 31 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. పెద్దసారు రిటైర్మెంటుకి దగ్గరున్నారు. ఒకటి, రెండు తరగతులు మొత్తం నాకిచ్చి, పై తరగతుల లెక్కలు, పరిసరాలు కూడా నా నెత్తినే పెట్టారు. "కొత్తోళ్ళు గదమ్మా, ఓపికుంటది" అన్నారు.

టెట్‌కి (టీచర్ అర్హత పరీక్షకి) చదివేటప్పుడు అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ అనుభవ శంఖువు మీద ఒక బిట్ ఖాయమని దాన్ని గోడకు అతికించుకుని బట్టీ పట్టాను. అడుగున ప్రత్యక్ష అనుభవాలు, కొసన మాటలు, మధ్యలో బొమ్మలూ సినిమాలూ. దాని పక్కనే మా గైడులో శాతాలు కూడా ఉండేవి. చదివింది 10 శాతం గుర్తుంటుందట, చూసింది 30 శాతం గుర్తుంటుందట. 1946లో డేల్ గీసిన శంఖువులో అసలు అంకెలే లేవనీ, వాటిని తర్వాత ఎవరో తగిలించారనీ నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. అప్పటికే ఆ 30 శాతాన్ని నమ్మి రెండో జీతంలో 6,800 రూపాయలు ప్రొజెక్టర్‌కి పెట్టేశాను.

ముందు దాని గురించే చెబుతాను. ప్రకటనలో ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, వేలల్లో రాశారు. పెట్టె విప్పాక లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఆన్సి ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుతురు) 180 అని ఉంది. ఈ రెండూ ఒకటి కాదు. కొనేవాళ్ళు చూడాల్సింది ఆన్సి అంకె ఒక్కటే. పట్టపగలు, కిటికీలు తెరిచున్న గదిలో బొమ్మ కనబడాలంటే అది 3000కి అటూ ఇటూ ఉండాలి, ఆ ధర మన జీతానికి అందేది కాదు. మా గదికి మూడు కిటికీలుంటే రెండింటికి రెక్కల్లేవు. ఇంటి నుంచి పాత దుప్పట్లు తెచ్చి కట్టాను. మార్చి నెల ఎండ, దుప్పట్లు కట్టిన గది, అందులో ఇంతమంది. ఒకటో తరగతి వాళ్ళు పది నిమిషాల్లో ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. పెద్దపిల్లలు వెలుతురుకి చేతులు అడ్డం పెట్టి కుక్కలనూ జింకలనూ ఆడించారు. గోడ మీద గుండె ఎలా కొట్టుకుంటుందో వీడియో నడుస్తోంది, దాని మధ్యలో ఒక కుక్క నోరు తెరిచి మూస్తోంది. చెయ్యి దీపానికి దగ్గరగా పెడితే నీడ పెద్దదవుతుందని ఆ కుక్కను ఆడించిన పిల్లాడు గట్టిగా అరిచి చెప్పాడు. నేను చెయ్యి దించమని కసిరాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఆరోజు గదిలో ఏదైనా నేర్చుకున్నవాడు వాడొక్కడే.

అట్లా ఆరుసార్లు వాడి ఉంటాను. ఏడోసారి సుద్దపొడి పోయి ఫ్యాన్ గురగురమనడం మొదలుపెట్టింది. వేసవి సెలవులకి ఇంటికి తీసుకెళ్తే తమ్ముడి పాలైంది.

బజారు చార్టులకి పెద్దగా ఖర్చు కాలేదు గానీ, అవి నేర్పిన పాఠం మాత్రం పెద్దదే. చేరిన వారంలోనే దేవరకొండలో అక్షరమాల చార్టు, కార్డులు కొని గోడ నిండా అంటించాను. బడికి కళ వచ్చిందని సంబరపడ్డాను. ఒకరోజు 'ఓ' దగ్గర ఓడ బొమ్మ మీద వేలు పెట్టి, ఇదేంటి అని రెండో తరగతి పాపను అడిగాను. "లాంచి" అంది. తప్పు, మళ్ళీ చూడు అన్నాను. మళ్ళీ చూసి, ఇంకా గట్టిగా "లాంచే మేడం" అంది. వాళ్ళ నాన్న చేపలు పట్టేది సాగర్‌లోనే. నీళ్ళ మీద పోయే పెద్దది ఏదైనా తనకి లాంచీయే, తప్పెలా అవుతుంది? 'ఔ' దగ్గర ఔషధం ఇంకో తంటా. సీసా బొమ్మ చూపిస్తే క్లాసంతా ఒక్క గొంతుతో "మందు సీసా" అని కిలకిలా నవ్వారు. వాళ్ళు ఏ మందు అనుకున్నారో నేను అడగలేదు.

నవ్వు సంగతి పక్కన పెడితే, అసలు కష్టం వేరే ఉంది. కార్డు మీద బొమ్మ, అక్షరం పక్కపక్కనే ఉంటే పిల్లలు అక్షరం చూడనే చూడరు. ఎలుక బొమ్మ చూసి 'ఎ' అంటారు. వచ్చేసింది అని మనం మురిసిపోతాం. నవంబరంతా నేను మురిశాను. డిసెంబరులో బొమ్మ మీద వేలు అడ్డం పెట్టి అడిగితే పదకొండు మందిలో నలుగురే చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. తర్వాత కార్డులన్నీ పక్కన పడేసి బిస్కెట్ డబ్బాల అట్ట కత్తిరించి సొంతంగా చేసుకున్నాను. ముందువైపు అక్షరం మాత్రమే, వెనక బొమ్మ. ముందు అక్షరం చదవాలి, ఆ తర్వాత తిప్పి సరిచూసుకోవాలి. బొమ్మలు కూడా మా తండావే వేశాను: ల అంటే లాంచి, మ అంటే మేక, ప అంటే పత్తి. మా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. దానికి సొంత లిపి లేదు. అందుకని బొమ్మ కింద తెలుగు అక్షరాల్లోనే యాడి అని ఒక వరస, అమ్మ అని ఇంకో వరస రాశాను. ఒకటో తరగతిలో నోరు విప్పని ఒక పిల్లాడు ఆ కార్డు తిప్పి "యాడి" అని పైకి చదివిన రోజు తేదీ కూడా నా డైరీలో ఉంది. ఈ అట్టముక్కలకి పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తీసేశానంటే, వానాకాలం తేమకి మెత్తబడి వంకర్లు పోయాయి. లామినేషన్ చేయిస్తే మెరుపుకి అక్షరం కనబడదు. పైన సెలోటేపు అంటించుకోవడమే మేలు.

గోడ చార్టులు ఇప్పటికీ ఉన్నాయి గానీ బీరువాలో ఉన్నాయి. ఏ రోజు పాఠం ఉంటే ఆ రోజే తీసి తగిలిస్తాను, సాయంత్రం దింపేస్తాను. నిత్యం వేలాడే చార్టు పిల్లల కంటికి గోడలో కలిసిపోతుంది.

దీక్ష యాప్ (సర్కారు వారి పాఠాల యాప్), పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లకు ఆరు మార్కులు. మా తండాలో సిగ్నల్ వేపచెట్టు కింద ఒక్క గీత వస్తుంది. రాత్రి రూములో డౌన్‌లోడ్ చేసుకుని పోవాలి. ఫోన్ తెర ముందు నలుగురికి మించి కూర్చోబెడితే అయిదోవాడు చూసేది ముందువాడి నెత్తినే. కనబడని వాటికి మాత్రం, అంటే సముద్రం, మంచు, పేగుల్లో తిండి కదలడం లాంటివాటికి, వీడియోని మించింది లేదు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరికీ జరిగే కాంప్లెక్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు హైస్కూల్లో గోడంత డిజిటల్ ప్యానెల్ చూశాను, ముట్టుకున్నాను కూడా. వాడలేదు కాబట్టి మార్కులు వెయ్యను. అసూయ మాత్రం పడ్డాను.

లెక్కలకి వస్తే, చీపురుపుల్లలకి నేను పదికి పది వేస్తాను. పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు, అది పదుల కట్ట. విడిపుల్లలు ఒకట్లు. ఇంతే, మొత్తం ఖర్చు 40 రూపాయలు లోపు. మూడో తరగతికి 52 లోంచి 27 తీసెయ్యడం చెప్పేటప్పుడు మనకి నేర్పినట్టే "రెండు లోంచి ఏడు పోదు, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి" అన్నాను. ఒక పిల్ల చెయ్యెత్తి, "అప్పు తెచ్చినం గద మేడం, మల్ల ఎప్పుడిస్తం?" అని అడిగింది. జవాబు లేదు నా దగ్గర. మా అమ్మకి లేదు, మా లెక్కల సారుకీ లేదు, అందరం తిరిగివ్వని అప్పులే చేశాం ఇన్నేళ్ళూ. అప్పుడు పుల్లలు తీశాను. ఐదు కట్టలు, రెండు పుల్లలు. ఏడు పుల్లలు ఇమ్మంటే లేవు. ఏం చెయ్యాలి అంటే ఆ పిల్లే ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగి పడేసింది. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఇచ్చింది ఎవరూ లేరు, పుచ్చుకున్నది ఎవరూ లేరు, ఉన్నదే ఉంది. "చిల్లర మార్చినట్టు" అన్నాడు వెనకనుంచి కిరాణా కొట్టు వాళ్ళ అబ్బాయి. ఆ రోజు నుంచి మా బళ్ళో అప్పు అన్న మాట లేదు, చిల్లర మార్చడమే. ఒక్క హెచ్చరిక: వందలు దాటాక పుల్లలు మోయలేరు, లెక్కపెట్టడానికే పీరియడ్ అయిపోతుంది. అక్కడ నోట్ల బొమ్మలకి మారాలి.

పెద్దసారు దగ్గర ఈ సామాను ఏదీ లేదు. ఆయనకి నల్లబల్ల, మూడు రంగుల సుద్దముక్కలు చాలు. చిత్రకారుడేమీ కాదు, ఆయన గీసిన ఎద్దుకీ మేకకీ కొమ్ములు చూసే తేడా పట్టాలి. అయినా ఆయన గీస్తుంటే క్లాసు ఊపిరి బిగబట్టి చూస్తుంది. ముందు ఒక గీత గీసి ఆగుతారు. "ఏమైతది చెప్పున్రి" అంటారు. పాము అని ఒకరు, తాడు అని ఒకరు. దాని కింద ఇంకో గీత పడితే బాట అవుతుంది, పక్కన చెట్టు మొలుస్తుంది. నేను ఒకసారి ముందురోజు సాయంత్రమే అదే బొమ్మ చక్కగా రంగులేసి పెట్టాను. పొద్దున పిల్లలు ఒక్కసారి చూసి తల తిప్పేశారు. సారుకి చెప్పుకుంటే నవ్వి, "గీస్తుంటే చూస్తరమ్మా, గీసినంక ఎవరు చూస్తరు?" అన్నారు. ప్రొజెక్టర్ ఎందుకు ఓడిపోయిందో, చార్టు ఎందుకు గోడలో కలిసిపోయిందో నాకప్పుడు అర్థమైంది. ఆ వేసవి సెలవులన్నీ పుల్లబొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాను. ఇప్పుడు నా మేక మేకలాగే ఉంటుంది.

ఇక ముగ్గుపిండి. నాలుగో తరగతికి పటాలు, దిక్కులు చెప్పాలి. గోడకి మ్యాప్ తగిలించి పైన ఉత్తరం, కింద దక్షిణం అని చెప్పాను. తర్వాత ఉత్తరం ఏ వైపు అని అడిగితే సగం మంది ఇంటి కప్పు చూపించారు. వాళ్ళ తప్పేముంది, నేను చెప్పింది అదే కదా! మర్నాడు అందర్నీ ముంగిట్లోకి తీసుకెళ్ళి ముగ్గుపిండి డబ్బా చేతికిచ్చాను. మన తండా గియ్యండి అన్నాను. సూర్యుడు వచ్చేవైపు ఒక చెప్పు పెట్టాం, అది తూర్పు. ముందు లంబాడీల గురువు సేవాలాల్ మహారాజ్ గుడి వేశారు, దాని నుంచి బాట, వాటర్ ట్యాంకు, పాడైన చేతిపంపు. ఆ తర్వాత కొట్లాట మొదలైంది. మా ఇల్లు గుడికి ఇంత దగ్గర లేదని ఒకడు, మీ పశువుల పాక మా వాకిట్లోకి వచ్చిందని ఇంకొకడు. అడుగులు కొలిచి తేల్చుకుందాం అంటే ఇద్దరు పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఒకరు 84 అడుగులు అని, ఇంకొకరు 97 అని వచ్చారు. ఒక్కొక్కరి అడుగు ఒక్కో కొలత కాబట్టి కొలతకి ఒక ప్రమాణం కావాలన్న పాఠం నేను చెప్పకుండానే వచ్చి కూర్చుంది. చివరికి సాగర్ నీళ్ళు గీశారు. అవి మా ఊరికి దక్షిణాన, పల్లంలో ఉంటాయి. అప్పటిదాకా వాళ్ళకి నీళ్ళంటే "కింద", అంతే. గంటన్నర పట్టింది. ఆ తర్వాతే గోడ మ్యాప్‌ని దింపి నేల మీద పరిచి, దాని ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి తిప్పి పెట్టాం. ఈసారి ఎవరూ కప్పు వైపు చూడలేదు. సాయంత్రానికి మేకలు తొక్కి సగం తండా చెరిపేశాయి. మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్లలే మళ్ళీ గీసి, నిన్న మరిచిపోయిన కిరాణా కొట్టు కలిపారు.

నీడ సంగతి కూడా చెప్పాలి, ఆ కుక్క బొమ్మ పిల్లాడికి నేను బాకీ ఉన్నాను కదా. మా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో ఒక స్తంభం నీడ పొద్దు తిరిగినా కదలకుండా నిలబడి ఉంటుంది. ఫోన్‌లో వీడియో తీసుకెళ్ళి చూపించాను. పిల్లలు నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. మన నీడ కదులుతుందా లేదా చూద్దామని ముంగిట్లో కర్ర పాతి, కాసేపటికోసారి నీడ కొసన సుద్దతో గీత పెట్టారు. పన్నెండుకి నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండాలని నేను ముందే చెప్పేశాను. ఫిబ్రవరి నెల. పన్నెండు దాటినా పొట్టిదవుతూనే ఉంది. అన్నిటికన్నా పొట్టి గీత పన్నెండున్నరకి కాస్త ముందు పడింది. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, మనం దానికి పడమరగా ఉన్నాం, పైగా ఫిబ్రవరిలో సూర్యుడి లెక్కకీ గడియారానికీ ఇంకో పావుగంట దాకా తేడా. ఇదంతా ఆ రాత్రి నేను చదువుకుని తెలుసుకున్నాను. మేడం చెప్పింది తప్పయిందని పిల్లలు వారం రోజులు పండగ చేసుకున్నారు. వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టిన ఆ పిల్లాడే కర్రకి కాపలా.

డబ్బు పోగొట్టుకున్నది ఇంకొకటుంది, చెల్లీ, ఇది నీకోసం. మండల స్థాయి టీఎల్ఎం (బోధన సామగ్రి) మేళాకి థర్మోకోల్‌తో జలచక్రం మోడల్ చేశాను. మూడు వారాల సాయంత్రాలు, దాదాపు 2,000 రూపాయలు. బస్సులో ఒక మబ్బు విరిగింది. మేళాలో అందరూ ఫోటో దిగారు. బడికి తెచ్చాక పిల్లలు ముట్టుకోబోతే "ముట్టుకోకండి, విరుగుతుంది" అన్నాను. నా నోటితో ఆ మాట వచ్చాక ఇంక దానికి మార్కులేం వేస్తాను?

ఇప్పుడు నా సంచిలో ఉండేవి రంగు సుద్దముక్కలు, అట్ట కార్డులు, అర కిలో ముగ్గుపిండి, పుల్లల కట్టలు. నెలనెలా కొనాల్సింది రబ్బరు బ్యాండ్లు ఒక్కటే. వంద తెస్తే పదిహేను రోజుల్లో ముప్పై మిగులుతాయి. దొంగల్ని పట్టుకోవడం కష్టమేం కాదు, మూడో తరగతి ఆడపిల్లల జడలు చూస్తే చాలు. అడిగితే, "కట్ట ఇప్పినంక ఖాళీగనే ఉంటది గద మేడం" అంటారు.