ఐరిష్ లఘు చిత్రాల కోసం డబ్లిన్, గాల్వే, కార్క్

ఐర్లండు లఘు చిత్రాలను సొంత గడ్డ మీద, అక్కడి ప్రేక్షకుల మధ్య చూడాలనుకునేవారు డబ్లిన్‌లోనే ఆగిపోకుండా కార్క్ దాకా వెళ్ళాలని, మూడు నగరాలనూ చూశాక నాకు గట్టిగా అనిపించింది. ఐర్లండు షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) పరిధిలోకి రాదు కనుక, యూరప్ వీసా చేతిలో ఉన్నా మన పాస్‌పోర్టుకు ఐరిష్ వీసా విడిగా తీసుకోవాలి.

డబ్లిన్‌లో టెంపుల్ బార్ అనే పేటలో, యూస్టేస్ వీధిలో ఒకప్పటి క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖవారు) ప్రార్థనా మందిరంలో ఐరిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దాని ఆర్కైవ్‌లోని పాత చిత్రాలెన్నో ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి బయలుదేరే ముందే కొన్ని చూసుకోవడం మేలు. బస మాత్రం ఆ చుట్టుపక్కల వద్దు. పబ్బుల హోరు అర్ధరాత్రి దాటినా తగ్గదు.

హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకు రైలులో సుమారు రెండున్నర గంటలు. అక్కడ 1989లో మొదలైన ఫిల్మ్ ఫ్లా ఉత్సవం జులైలో జరుగుతుంది. దర్శకులు ప్రేక్షకులతో కలిసిమెలిసి తిరుగుతారు, అడిగితే ఓపికగా మాట్లాడతారు. ఈ విషయంలో గాల్వేకు సాటి లేదు. కానీ అదే నెలలో కళల ఉత్సవం కూడా ఉండటంతో గదుల ధరలు మండిపోతాయి. మంచి హోటలుకు ఇవ్వవలసినంత డబ్బు తీసుకున్న ఒక అతిథిగృహం నాకు అటక మీది గది ఇచ్చింది. అందులో ఉదయం వేడినీళ్ళు కూడా రాలేదు.

గాల్వే దారిలో ఐరిష్, ఇంగ్లిషు రెండింటిలోనూ రాసిన బోర్డులు కనిపించినప్పుడల్లా నాకు 2003 నాటి లఘు చిత్రం ‘యూ మింగ్ ఇస్ అన్యిమ్ డమ్’ గుర్తుకు వచ్చేది. చైనా యువకుడొకడు ఐర్లండులో అందరూ ఐరిషే మాట్లాడతారని నమ్మి, కష్టపడి ఆ భాష నేర్చుకుని డబ్లిన్‌లో దిగుతాడు. ఒక్కరికీ అతని మాట అర్థం కాదు. చివరికి పబ్బులో ఒక ముసలాయన అతనితో ఐరిష్‌లో కబుర్లాడుతుంటే, ఈయనకు చైనీసు ఎప్పుడు వచ్చిందా అని బార్‌లో పనిచేసేవాడు ఆశ్చర్యపోతాడు. నవ్విస్తూనే గుండెను మెలిపెట్టే కథ అది. 2001 నాటి ‘గివ్ అప్ యెర్ ఔల్ సిన్స్’ దారి వేరు: 1960లలో డబ్లిన్ బడిలో టీచరు రికార్డు చేసిన పిల్ల గొంతుకు బొమ్మలు కలిపి, ఆ పిల్ల చెప్పిన బైబిలు కథను యానిమేషనుగా మలిచారు. ‘నాటు నాటు’కు ఆస్కారు వచ్చిన 2023 వేదిక మీదే ‘యాన్ ఐరిష్ గుడ్‌బై’కి కూడా ఆస్కారు దక్కింది, తల్లి చనిపోయాక, ఆమె తీరని కోరికల జాబితాను పూర్తిచేయబూనిన ఇద్దరు అన్నదమ్ముల కథ అది.

ఇన్ని రకాల కథలను వరుసగా చూడటానికి కార్క్ సరైన చోటు. 1956 నుంచి నడుస్తున్న అక్కడి చలనచిత్రోత్సవంలో లఘు చిత్రాలకు పెద్ద చిత్రాల పక్కన మిగిలిన చోటు కాక, ప్రత్యేక ప్రదర్శనలే ఉంటాయి. ఉత్సవం జరిగేది నవంబరులో కావడంతో చలి, ముసురు తప్పవు. అయితే గది గాల్వేలో కంటే చాలా చవకగా, శుభ్రంగా దొరికింది. ఉత్సవ ప్రదర్శనలు జరిగే, మెక్‌కర్టెన్ వీధిలోని 1897 నాటి ఎవ్రీమన్ థియేటరు రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరమే.

ఒక్కటే జాగ్రత్త. ఒకే ప్రదర్శనలో ఆరేడు చిత్రాలు విరామం లేకుండా వస్తాయి. ఒక చావు కథ తాలూకు కన్నీళ్ళు ఆరకముందే హాస్యం మొదలవుతుంది. అందుచేత ఒకే సాయంత్రానికి రెండు ప్రదర్శనల టికెట్లు కొనకండి.