అనెగాడా: ఒక్క రాత్రైనా ఉండి రండి

కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ప్రధాన దీవి టోర్టోలా. అక్కడి నుంచి అనెగాడాకు ఫెర్రీలో గంటకు పైగా పడుతుంది. దీవి బాగా దగ్గరపడితే గానీ కనిపించదు. ముందు చెట్ల తలలు, ఆ తర్వాత సన్నగా ఇసుక. ఈ దీవుల్లో మిగతా పెద్దవన్నీ కొండలే. అనెగాడా ఒక్కటే పగడాలు, సున్నపురాయితో ఏర్పడిన చదును నేల. అక్కడ అన్నిటికంటే ఎత్తైన చోటు కూడా సముద్ర మట్టానికి 8.5 మీటర్ల ఎత్తే.

చాలామంది పొద్దున వచ్చి సాయంత్రం ఫెర్రీకి వెళ్లిపోతారు. నన్నడిగితే అది సగం యాత్రే. పగటి జనం వెళ్లాకే బీచ్‌లు ఖాళీ అవుతాయి, రాత్రి భోజనానికి లాబ్‌స్టర్ కాల్చడం మొదలవుతుంది. సాయంత్రం 4 లోపే ఆర్డర్ చెప్పాలి. నిలువునా కోసిన ఆయిల్ డ్రమ్ములో కట్టెల నిప్పులు, పైన ఇనుప జల్లెడ, రెండుగా చీల్చిన లాబ్‌స్టర్లు. పెంకు అంచులు నల్లబడేదాకా వెన్న పూస్తూనే ఉంటారు. ఖరీదు ఎక్కువే, కానీ తిన్నాక డబ్బు దండగైందని అనిపించలేదు. శాకాహారులకు మాత్రం ఇబ్బంది. పులిహోర కట్టుకెళ్లండి.

బస విషయంలో రెండు దారులు. ఫెర్రీ దిగే సెటింగ్ పాయింట్ దగ్గరుంటే భోజనానికి నడిచి వెళ్లొచ్చు. మేం ఉత్తర తీరంలో కాటేజీ తీసుకున్నాం. గుమ్మం ముందే సముద్రం, కానీ వేడినీళ్లు సరిగా రాలేదు, చెప్పినా పట్టించుకోలేదు. అయినా మళ్లీ వెళ్తే ఉత్తరానికే వెళ్తాను. అద్దె జీపు తప్పనిసరి. స్టీరింగ్ ఎడమవైపే ఉన్నా బండి నడపాల్సిందీ ఎడమవైపే, కాస్త టెన్షనే. రోడ్డు మీద ఆవులు, మేకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

పిల్లలుంటే లోతు తక్కువున్న కౌ రెక్ బీచ్ మేలు. నా ఓటు లాబ్‌లాలీకి. ఒడ్డు నుంచి నాలుగు బారలు ఈదితే చాలు, పగడాల మధ్య రంగురంగుల చేపలు. ఉత్తరం నుంచి అలలు పెద్దగా వస్తుంటే మాత్రం నీళ్లలో దిగొద్దు. దీవిని ఆనుకుని 29 కిలోమీటర్ల హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంది. దానికి తగిలి వందల ఓడలు మునిగాయి.

ఉప్పునీటి మడుగుల్లో రాజహంసలు (ఫ్లెమింగోలు) ఉన్నాయి. పులికాట్‌లో చూసినవాటికంటే రంగు చాలా ముదురు. ఒకప్పుడు ఇక్కడ పూర్తిగా కనుమరుగైతే 1992లో బెర్ముడా నుంచి తెచ్చి వదిలారు. రోడ్డు నుంచి చాలా దూరంలో ఉంటాయి, బైనాక్యులర్ లేకపోతే గులాబీ చుక్కలే.

ది సెటిల్‌మెంట్ ఊళ్లోని ఇగువానా కేంద్రాన్ని మాత్రం వదలొద్దు. పెద్ద బల్లుల్లాంటి ఈ రాతి ఇగువానాలకు సొంత గడ్డ ఈ దీవే. వాటి పిల్లల్ని పిల్లులు తినేస్తుంటే, కాస్త పెద్దయ్యేదాకా బోనుల్లో పెంచి అడవిలో వదులుతున్నారు. చందా డబ్బా ఉంటే తప్పక వేయండి.

ఫెర్రీ రోజూ ఉంటుందనుకోవద్దు. రూమ్ బుక్ చేసేముందే తిరుగు ప్రయాణం ఏ రోజో చూసుకోండి, డాలర్లు నగదుగా ఉంచుకోండి.